మీ పిల్లల కాంపిటీటివ్ సాకర్ టీమ్‌కి మీరే కోచ్ అవుతున్నారా? మొదటి సీజన్ మొత్తానికి గైడ్

అమెరికాలో ఉన్న మన తెలుగు ఇళ్ళల్లో ఈ మధ్య ఇది బాగా జరుగుతోంది. పిల్ల రెండు మూడేళ్ళు రిక్రియేషనల్ సాకర్ ఆడుతుంది, తర్వాత ట్రైఅవుట్స్‌కి తీసుకెళ్తాం, కాంపిటీటివ్ టీమ్‌లో చోటు వస్తుంది, ఇంట్లో అందరూ సంబరపడుతుండగానే క్లబ్ నుంచి మెయిల్ వస్తుంది, సెకండ్ టీమ్‌కి కోచ్ దొరకలేదు, పేరెంట్స్‌లో ఎవరైనా ముందుకొస్తేనే టీమ్ నిలబడుతుంది అని. ఫ్రిస్కో అయినా, ఎడిసన్ అయినా, సియాటిల్ చుట్టుపక్కల అయినా ఇదే కథ. అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు, చివరికి ఎవరో ఒక నాన్నో అమ్మో చెయ్యెత్తుతారు.

ఆ చెయ్యి మీదైతే ఇది మీకోసమే. మనలో చాలామంది క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగకుండా పెరిగినవాళ్ళం, అందుకే మొదటి భయం "నాకు సాకర్ రాదు కదా" అనే. ఆ భయం అక్కర్లేదు, తొమ్మిది పదేళ్ళ పిల్లలకి నేర్పేంత సాకర్ ఒక ఎండాకాలంలో నేర్చుకోవచ్చు. అసలు కష్టం ఇంకోచోట ఉంది. మీ బిడ్డకి ఇప్పటిదాకా గ్రౌండ్ బయట నాన్న ఉండేవాడు, ఇప్పుడు లోపల కోచ్‌గా కూడా ఆయనే ఉంటాడు, మరి బయట ఎవరున్నట్టు? ఇంకోటి, బయటివాళ్ళంతా "కోచ్ కూతురు కాబట్టి ఎక్కువ ఆడిస్తాడు" అనుకుంటారు గానీ మన ఇళ్ళల్లో జరిగేది ఎక్కువగా దానికి ఉల్టా. మాట పడకూడదని సొంత బిడ్డనే ముందు బెంచ్ మీద కూర్చోబెడతాం, సొంత బిడ్డ మీదే గట్టిగా అరుస్తాం. మన న్యాయానికి ఆ పిల్ల మూల్యం చెల్లిస్తుంది. ఆ మూల్యం తన మీద పడకుండా సీజన్ ఎలా నడపాలో వరసగా చెప్తాను.

1. ఒప్పుకునే ముందు పిల్లని అడగండి

అడగడం అంటే "నేను మీ కోచ్ అవుతున్నా, ఓకేనా?" అని డిన్నర్ దగ్గర అడగడం కాదు, అలా అడిగితే ఏ పిల్లైనా ఓకే అనే అంటుంది. మీరు లేనప్పుడు వాళ్ళమ్మ అడిగితే (మీరే అమ్మ అయితే నాన్న అడిగితే) నిజం బయటికొస్తుంది. "నాన్న కోచ్ అయితే నీకు నచ్చేది ఏంటి, నచ్చనిది ఏంటి" అని రెండూ అడగమనండి. నచ్చనివి చెప్పినప్పుడు సర్దిచెప్పకండి, రాసుకోండి చాలు. అందరి ముందు తిట్టొద్దు, ఇంటికొచ్చాక మళ్ళీ ప్రాక్టీస్ చేయించొద్దు, నా ఫ్రెండ్స్ ముందు ముద్దు పేరుతో పిలవొద్దు, ఇలాంటివే వస్తాయి ఎక్కువగా. ఆ కాగితమే మీ మొదటి ఒప్పందం. గ్రౌండ్‌లో మిమ్మల్ని "కోచ్" అనాలో "నాన్న" అనాలో కూడా పిల్ల ఇష్టానికే వదిలేయండి.

వద్దు అంటే? అప్పుడు ఆ టీమ్‌కి కోచ్‌గా వద్దు, మేనేజర్‌గా సాయం చేయండి, లేదా క్లబ్‌లో వేరే ఏజ్ గ్రూప్‌కి చేయండి. మనసు చంపుకుని ఒప్పుకున్న పిల్లతో పది నెలల సీజన్ లాగడం మహా కష్టం.

టైమ్ సంగతి కూడా ముందే తేల్చుకోండి. వారానికి రెండు ప్రాక్టీసులు, వీకెండ్ ఒకటో రెండో గేములు, మధ్యలో టోర్నమెంట్లు, వీటికి తోడు మెయిల్స్, లైనప్, కోన్లు సర్దడం. ఆన్‌కాల్ ఉండే ఉద్యోగం అయితే మీరు రాలేని రోజు ఎవరు నడుపుతారో ఇప్పుడే ఆలోచించండి.

2. ముందు టీమ్ తేలాలి, తర్వాతే కోచ్ పేరు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం గొడవలు ఇక్కడే పుడతాయి. మీరు ఫలానా టీమ్‌కి కోచ్ అని ముందే ప్రకటించేసి, తర్వాత ట్రైఅవుట్‌లో మీ పిల్ల ఆ టీమ్‌లోకే వస్తే ఎవరైనా ఏమనుకుంటారు? క్లబ్ డైరెక్టర్‌తో ముందే మాట్లాడండి, ట్రైఅవుట్‌లో మా అమ్మాయికి నేను మార్కులు వేయను, వేరే ఏజ్ గ్రూప్ కోచ్‌లు ఇద్దరు చూసి వేయాలి, తను ఏ టీమ్‌లోకి వస్తే ఆ టీమ్‌కి నేను చేస్తాను అని. పిల్ల రెండో టీమ్‌లోకి వచ్చిందంటే మీరూ రెండో టీమ్‌కే.

ఇప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. 2017 నుంచి ఏజ్ గ్రూపులు పుట్టిన సంవత్సరం లెక్కన, అంటే జనవరి నుంచి డిసెంబర్ దాకా, నడిచాయి. 2026-27 సీజన్ నుంచి పిల్లల సాకర్ నడిపే పెద్ద సంస్థలు యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్, ఏవైఎస్‌ఓ మూడూ ఆగస్ట్ 1 నుంచి జులై 31 లెక్కకి మారుతున్నాయి. స్కూల్ క్లాస్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి మంచిదే, కానీ పాత టీములు చెల్లాచెదురవుతాయి. ఆగస్ట్ నుంచి డిసెంబర్ దాకా పుట్టిన పిల్లల పేరెంట్స్ మిమ్మల్ని చాలా ప్రశ్నలు అడుగుతారు, క్లబ్ ఇచ్చిన ఏజ్ చార్ట్ ఫోన్‌లో పెట్టుకుని తిరగండి.

3. ట్రైనింగ్, కాగితాలు

వీటిని సీజన్ మొదలవ్వక ముందే పూర్తి చేయండి, ఇవి లేకుండా చాలాచోట్ల కోచ్ కార్డు ఇవ్వరు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. సేఫ్‌స్పోర్ట్ ట్రైనింగ్ (పిల్లల్ని వేధింపుల నుంచి కాపాడటం గురించి) ఉంటుంది, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, తర్వాత ఏటా చిన్న రిఫ్రెషర్. 2018లో సంతకమైన ఫెడరల్ చట్టం దీని వెనక ఉంది, ఊరికే బటన్ నొక్కుకుంటూ పోవద్దు, శ్రద్ధగా చూడండి. అందులో మీకు రోజూ పనికొచ్చేవి రెండున్నాయి. వేరేవాళ్ళ పిల్లతో మీరు ఒక్కరే మాట్లాడాల్సి వస్తే నలుగురికీ కనిపించేచోట, ఎవరైనా వచ్చి ఆపగలిగేచోట మాట్లాడాలి. పిల్లలకి మెసేజ్ పెడితే వాళ్ళ పేరెంట్ కూడా అందులో ఉండాలి. మన అలవాటు ప్రకారం "పర్లేదు, నేను డ్రాప్ చేస్తాలే" అని పక్కింటి పిల్లని ఒక్కదాన్నే కార్లో ఎక్కించుకుంటాం, అలాంటిదానికి ముందే వాళ్ళ దగ్గర రాతలో అనుమతి తీసుకోండి.

సీడీసీ వాళ్ళ కంకషన్ (తలకి దెబ్బ తగిలి మెదడు అదరడం) ట్రైనింగ్ ఉచితం, అదీ చేయండి. కోచింగ్‌కి యూఎస్ సాకర్ లెర్నింగ్ సెంటర్‌లో అకౌంట్ తెరిచి ఉచితంగా ఉండే ఇంట్రడక్షన్ మాడ్యూల్‌తో మొదలుపెట్టండి, తర్వాత గ్రాస్‌రూట్స్ కోర్సులు ఉంటాయి, 4 వర్సెస్ 4, 7 వర్సెస్ 7, 9 వర్సెస్ 9, 11 వర్సెస్ 11 అని ఏ సైజు ఆటకి ఆ కోర్సు. మీ టీమ్ ఆడే సైజు కోర్సు గ్రౌండ్ మీద జరిగేది దొరికితే ఆన్‌లైన్ కంటే అదే తీసుకోండి, క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళకి కంటితో చూస్తేనే ఎక్కుతుంది. ఇంకా ముందుకి పోవాలంటే తర్వాతి మెట్టు కోచింగ్ లైసెన్సు, డి లైసెన్సు.

క్లబ్ మీకు డబ్బులిస్తానంటే ఒక్క మాట, హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు లాయర్‌ని అడగకుండా తీసుకోవద్దు.

4. మీ ఏజ్ గ్రూప్ రూల్స్ కంఠతా రావాలి

యూ-9, యూ-10 (అండర్-9, అండర్-10) వాళ్ళది 7 వర్సెస్ 7, సైజు 4 బాల్, 25 నిమిషాల హాఫ్‌లు రెండు. యూ-11, యూ-12 కి 9 వర్సెస్ 9, అదే సైజు 4 బాల్, 30 నిమిషాల హాఫ్‌లు. యూ-13 నుంచి 11 వర్సెస్ 11, సైజు 5 బాల్. రోస్టర్ (టీమ్ లిస్ట్) 7 వర్సెస్ 7 లో మహా అయితే 12 మంది, 9 వర్సెస్ 9 లో 16. ఇవి యూఎస్ సాకర్ పెట్టినవి, మీ లీగ్ చిన్న చిన్న మార్పులు చేసుకుని ఉండొచ్చు, లీగ్ పేపర్ ఒకసారి చూడండి.

7 వర్సెస్ 7 లో కొత్తవాళ్ళు తికమకపడేది బిల్డ్-అవుట్ లైన్ (పెనాల్టీ బాక్స్‌కీ సగం గీతకీ మధ్య గీసే గీత) దగ్గర. గోలీ చేతిలో బాల్ ఉన్నప్పుడు, గోల్ కిక్ అప్పుడు, అవతలి టీమ్ ఆ లైన్ వెనక్కి వెళ్ళాలి. గోలీ పంట్ (చేతిలోంచి వదిలి దూరంగా తన్నడం) కొట్టకూడదు, పక్కవాళ్ళకి ఇచ్చి వెనక నుంచి ఆట కట్టుకురావాలని ఈ రూల్ పెట్టారు. గెలవాలనే ఆత్రంలో "దూరంగా కొట్టెయ్" అని అరిచే కోచ్ ఆ రూల్ ఇచ్చిన అవకాశాన్ని చేతులారా పారేస్తున్నట్టే.

యూ-11, అంతకన్నా చిన్నవాళ్ళకి హెడింగ్ లేదు, ప్రాక్టీస్‌లోనూ లేదు, గేమ్‌లోనూ లేదు. కావాలని తలతో కొడితే అవతలి టీమ్‌కి ఇండైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టకూడని కిక్). ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చేసరికే డిఫెండర్లని దాటి గోల్ వైపు నిలబడి ఉండటం) విషయంలో పేరెంట్స్ రెఫరీ మీద ఎగిరేది త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బాల్‌కి ఆఫ్‌సైడ్ లేదని తెలియకే, సీజన్ మొదట్లో ఈ ఒక్క ముక్క అందరికీ చెప్పండి.

5. అసిస్టెంట్‌ని, మేనేజర్‌ని జాగ్రత్తగా ఎంచుకోండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి: మీ పిల్ల విషయంలో నిర్ణయాలన్నీ అసిస్టెంట్ చేతిలో పెట్టేయండి. తను ఎప్పుడు దిగాలి, ఎప్పుడు బయటికి రావాలి, ఏ పొజిషన్ ఆడాలి, హాఫ్‌టైమ్‌లో తనకి ఏం చెప్పాలి, ఇవన్నీ అసిస్టెంటే చూస్తారు. అసిస్టెంట్ పిల్ల కూడా టీమ్‌లో ఉంటే వాళ్ళ పిల్లని మీరు చూస్తారు. అలా మార్చుకుంటే ఎక్కువ ఆడించారన్న మాటా రాదు, మాట పడతామని తక్కువ ఆడించడమూ ఉండదు. పిల్లకి కూడా హాయి, తప్పు చేసినప్పుడు సరిదిద్దేది నాన్న కాదు, వేరే కోచ్.

అసిస్టెంట్ మీ ప్రాణ స్నేహితుడు కాకపోవడం మంచిది. వీకెండ్ పాట్‌లక్‌లో కలిసే మన బ్యాచ్‌లోంచే ఇద్దరు కోచ్‌లు వస్తే మిగతా పేరెంట్స్‌కి అదొక కూటమిలా కనిపిస్తుంది, మీ మనసులో ఏమీ లేకపోయినా సరే. మేనేజర్‌గా మీ భార్యనో భర్తనో పెట్టొద్దు, కోచ్ మీద కంప్లైంట్ చెప్పుకోవాలంటే ఎవరికి చెప్పుకుంటారు మరి?

వాట్సాప్ సంగతి ఇక్కడే చెప్పాలి. టీమ్‌లో నలుగురైదుగురు తెలుగువాళ్ళుంటే వాళ్ళకి వేరే గ్రూప్ తప్పకుండా ఉంటుంది. అందులో మీరుండొచ్చు గానీ టీమ్ గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడొద్దు. "అన్నా, శనివారం ఎవరు స్టార్ట్ చేస్తున్నారు" అని అడిగితే "టీమ్ యాప్‌లో పెడతాను" అనండి, అంతే. ఒక స్క్రీన్‌షాట్ బయటికి పోతే ఏడాది కష్టం మట్టి.

6. పేరెంట్స్ మీటింగ్ లేకుండా మొదటి గేమ్ ఆడొద్దు

అరగంట చాలు. మీ పిల్ల సంగతి మీరే ముందు ఎత్తండి, వాళ్ళు ఎత్తేదాకా ఆగొద్దు. "మా అమ్మాయి టీమ్‌లో ఉంది, తన ఆట టైమ్ నేను చూడను, ఫలానా కోచ్ చూస్తారు, ప్రతి గేమ్ నిమిషాల షీట్ మేనేజర్ దగ్గర ఉంటుంది, మీ పిల్లల లెక్క ఎప్పుడైనా అడిగి చూసుకోవచ్చు." ఇంత సూటిగా చెప్పేస్తే తర్వాత గుసగుసలకి చోటుండదు.

ఆట టైమ్ పాలసీ ఏంటో చెప్పండి. గేమ్ అయ్యాక 24 గంటల దాకా ఏ కంప్లైంటూ వద్దనే రూల్ పెట్టండి, చాలా క్లబ్బుల్లో ఎలాగూ ఉంటుంది. సైడ్‌లైన్ నుంచి చప్పట్లు కొట్టండి, అరవండి, కానీ "పాస్ చెయ్, షూట్ చెయ్" అని ఆర్డర్లు వద్దని చెప్పండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటారు కదా, మనవరాలిని బయట కూర్చోబెడితే వాళ్ళకి ప్రాణం విలవిల్లాడుతుంది, "కొడుకు కోచ్ అయ్యుండి ఇదేంటి" అని అక్కడే అడిగేస్తారు. వాళ్ళకి ఇంట్లోనే కూర్చోబెట్టి చెప్పండి, ఇక్కడ అందరూ వంతులవారీగా దిగుతారు, బెంచ్ మీద కూర్చోవడం శిక్ష కాదు అని.

7. ప్రాక్టీస్: లైన్లు వద్దు, ఆట కావాలి

కొత్త కోచ్‌లందరూ చేసే డ్రిల్ ఒకటుంది, 12 మందిని ఒకే లైన్లో నిలబెట్టి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళతో షాట్ కొట్టించడం. లెక్క చూడండి, ఒక్కో షాట్‌కి పది సెకన్లు అనుకున్నా పదిహేను నిమిషాల్లో ఒక్కో పిల్లకి ఏడెనిమిది షాట్లు, మిగతా టైమంతా క్యూలో నిలబడి ముందున్నవాళ్ళని గిల్లడమే. ట్యూషన్ సెంటర్లలో, స్కూల్ డ్రిల్ పీరియడ్లలో పెరిగినవాళ్ళం కాబట్టి మనకి లైను చూస్తే క్రమశిక్షణలా కనిపిస్తుంది గానీ సాకర్‌లో లైనంటే వృథా.

యూఎస్ సాకర్ గ్రాస్‌రూట్స్ కోర్సుల్లో చెప్పే పద్ధతి ప్లే-ప్రాక్టీస్-ప్లే. 75 నిమిషాల ప్రాక్టీస్‌ని ఇలా పంచుకోండి. పిల్లలు ఒక్కొక్కళ్ళు వస్తుండగానే చిన్న గోల్స్ పెట్టి 2 వర్సెస్ 2, 3 వర్సెస్ 3 మొదలెట్టేయండి, అందరూ వచ్చేదాకా ఆగొద్దు. మధ్యలో అరగంట ఆ రోజు నేర్పాలనుకున్న ఒక్క విషయం. చివర పాతిక ముప్పై నిమిషాలు రెండు టీములుగా ఆట, మీరు మాట్లాడకుండా చూడాలి.

ఆ మధ్య అరగంట ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. విషయం: బాల్ అందుకునే ముందే వెనక ఏముందో చూసుకోవడం. చిన్నపిల్లలు బాల్ వైపే కళ్ళప్పగించి చూస్తారు, బాల్ కాలికి తగిలాకే తలెత్తుతారు, అప్పటికి డిఫెండర్ మీదకొచ్చేసి ఉంటుంది. మొదట ముగ్గురేసి విడగొట్టండి, ఇద్దరు చెరో చివర, ఒకళ్ళు మధ్యలో. ఒక చివరున్న పిల్ల మధ్యలో ఉన్నవాళ్ళకి పాస్ ఇస్తుంది, సరిగ్గా పాస్ కదిలే సమయానికి వెనక చివరున్న పిల్ల చేతివేళ్ళు కొన్ని చూపిస్తుంది, మధ్యలో పిల్ల భుజం మీంచి వెనక్కి చూసి "మూడు" అనో "రెండు" అనో బాల్ తాకేలోపే చెప్పాలి, తర్వాత బాల్‌కి దూరంగా ఉన్న కాలితో అందుకుని ఒంటిని తిప్పుకుని వెనకవాళ్ళకి పాస్. మొదటి రోజు సగం అంకెలు తప్పే చెప్తారు, నవ్వుకుంటారు, ఏం కాదు, రెండు వారాల్లో తల దానంతటదే తిరగడం మొదలవుతుంది. తర్వాత 12 గజాల చదరంలో 4 వర్సెస్ 2 రొండో పెట్టండి, బయట నలుగురు బాల్ తిప్పుతుంటారు, లోపల ఇద్దరు పట్టుకోవాలి. ఇక్కడ మీ నోటి నుంచి రావాల్సింది ఒక్కటే మాట, "భుజం మీంచి చూడు". మోకాలు వంచు, పాస్ గట్టిగా కొట్టు, కదులుతూ ఉండు, ఇవన్నీ కూడా కనిపిస్తాయి, ఆ రోజుకి వదిలేయండి. ఒక ప్రాక్టీస్‌లో ఒక్క విషయమే.

వార్మప్‌కి ఫిఫా 11+ ప్రోగ్రామ్ చూడండి, గాయాలు తగ్గించడానికే తయారుచేసింది, చిన్నవాళ్ళకి విడిగా కిడ్స్ వెర్షన్ ఉంది. ఊరికే గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించే దానికంటే వెయ్యి రెట్లు నయం.

మీ పిల్ల గురించి ప్రాక్టీస్‌లో మూడు జాగ్రత్తలు. డెమో చూపించడానికి ప్రతిసారీ తననే పిలవకండి. కోన్లు ఏరడం, బాల్ సంచి మోయడం తన ఒక్కదాని పని చేయొద్దు, వంతులు వేయండి. ప్రాక్టీస్ అయ్యాక అందరూ వెళ్ళిపోయాక "ఇంకో పది నిమిషాలు" అని ఆపొద్దు, తనూ అందరితో పాటే అయిపోవాలి.

8. నిమిషాల లెక్క కాగితం మీద ఉండాలి

నోటి లెక్కలో ప్రతి పేరెంట్‌కీ తన పిల్లే తక్కువ ఆడినట్టు ఉంటుంది, మీకూ ఉంటుంది. కాబట్టి అంకెలు. 7 వర్సెస్ 7 గేమ్ 50 నిమిషాలు, గ్రౌండ్‌లో ఏడుగురు, అంటే పంచడానికి మీ దగ్గర 350 నిమిషాలు ఉన్నట్టు. పదిమంది వస్తే తలా 35. ఇప్పుడు మీకు బాగా ఆడే ముగ్గురిని అస్సలు బయటికి తీయబుద్ధి కాలేదనుకోండి, వాళ్ళకే 150 పోతాయి, మిగతా ఏడుగురికి 200, తలా 28 నిమిషాల చిల్లర. ఆ ముగ్గురిలో మీ పిల్ల ఉంటే మిగతా ఏడిళ్ళల్లో ఆ రాత్రి ఏం మాట్లాడుకుంటారో వేరే చెప్పక్కర్లేదు.

గేమ్ ముందు రోజు రాత్రే కూర్చుని ఒక్కో హాఫ్‌ని మూడు ముక్కలు చేయండి, సుమారు ఎనిమిదేసి నిమిషాలు, ప్రతి ముక్కలో ఎవరు లోపల ఎవరు బయట అని రాయండి, మీ పిల్ల గడి ఖాళీ వదిలి అసిస్టెంట్‌కి పంపండి, ఆయన నింపుతారు. గేమ్‌లో ఆ కాగితాన్ని నమ్ముకోండి. ఒక గోల్ వెనకబడగానే కాగితం మడిచి జేబులో పెట్టేసే కోచ్‌లే ఎక్కువ, పిల్లలు గమనిస్తారు. ఓడిపోతున్నప్పుడు కూడా తన వంతు వచ్చి దిగిన పిల్ల కళ్ళల్లో వెలుగు వేరు.

నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను, యూ-12 దాకా ఏ పిల్లా సగం గేమ్ కంటే తక్కువ ఆడకూడదు, ఎంత కాంపిటీటివ్ టీమ్ అయినా సరే. పదేళ్ళప్పుడు ముందు పొడుగైన పిల్ల స్టార్‌లా కనిపిస్తుంది, పద్నాలుగొచ్చేసరికి మిగతావాళ్ళూ పొడుగవుతారు, అప్పటిదాకా బెంచ్ మీద ఉన్నవాళ్ళు ఆట మానేసి ఉంటారు. పొజిషన్లు కూడా తిప్పండి. గోలీగా ఎవరూ రాకపోతే "మా అమ్మాయి నిలబడుతుందిలే" అని ప్రతి వారం తననే పెట్టడం, లేదా ఎప్పుడూ ముందు ఫార్వర్డ్‌గానే పెట్టడం, రెండూ వద్దు.

బిడ్డని ఆడించిన కోచ్‌లు పెద్ద స్థాయిలోనూ ఉన్నారు. 2010 వరల్డ్ కప్‌లో అమెరికా కోచ్ బాబ్ బ్రాడ్లీ, మిడ్‌ఫీల్డ్‌లో ఆయన కొడుకు మైకేల్. స్లొవేనియా మీద రెండు గోల్స్ వెనకబడిన గేమ్‌లో 82వ నిమిషంలో 2-2 చేసింది ఆ కొడుకే. మన హైదరాబాద్ సంగతి చూస్తే ఇండియాకి 1951, 1962 ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఉన్నారు, 1960 రోమ్ ఒలింపిక్స్‌కి ఆయన తీసుకెళ్ళిన జట్టులో కొడుకు హకీమ్ ఉన్నాడు. ఆ స్థాయిలో కొడుకు ఎందుకున్నాడో దేశమంతా చూసి తేల్చుకుంటుంది. మన పిల్లల గేమ్‌కి ఆ కెమెరాలు లేవు కాబట్టే కాగితం కావాలి.

9. గేమ్ జరుగుతుండగా మీ నోరు

ఒక గేమ్‌లో చూశాను, మన నాన్నే ఒకాయన కోచ్. వాళ్ళబ్బాయి దగ్గర బాల్ పోయింది, గోల్ పడింది. అప్పటిదాకా అందరితో ఇంగ్లీషులో ఎంతో ఓపిగ్గా మాట్లాడుతున్న మనిషి ఒక్కసారిగా తెలుగులో "ఎక్కడ చూస్తున్నావురా, బుర్ర ఉందా" అని అరిచాడు. మాట అర్థం కాకపోయినా గ్రౌండ్‌లో పదముగ్గురికీ సంగతి అర్థమైంది. ఆ తర్వాత హాఫ్ అయ్యేదాకా ఆ పిల్లాడు బాల్ వచ్చిన మరుక్షణం ఎవరికో ఒకరికి ఇచ్చేయడం, ఇవ్వగానే సైడ్‌లైన్ వైపు ఒక చూపు, మళ్ళీ బాల్, మళ్ళీ చూపు. ఆట ఆడటం మానేసి నాన్న మొహం చదవడంలో పడ్డాడు.

కాబట్టి గ్రౌండ్‌లో తెలుగు తిట్టడానికి వాడొద్దు. ఇంకా చెప్పాలంటే గేమ్ టైమ్‌లో మీ పిల్లతో తెలుగే వద్దు, టీమ్ మొత్తానికి ఏ భాషో తనకీ అదే. టీమ్‌లో తెలుగు పిల్లలు ఎక్కువున్నప్పుడు ఇది మరీ ముఖ్యం, మిగతా పిల్లలు పరాయివాళ్ళలా నిలబడిపోతారు.

బాల్ దగ్గరున్న పిల్లకి ఏమీ చెప్పకండి, ఎవరికైనా సరే. తను ఏం చేయాలో అప్పటికే ఆలోచిస్తోంది, మీ మాట వినేసరికి ఆ క్షణం పోతుంది. చెప్పాల్సింది బయటికొచ్చిన పిల్లకి, పక్కన కూర్చుని, తగ్గు గొంతుతో, ఒకే ఒక్క మాట. హాఫ్‌టైమ్‌లో ముందు నీళ్ళు తాగనివ్వండి, తర్వాత బాగా చేసింది ఒకటి, మార్చుకోవాల్సింది ఒకటి చెప్పండి, అయిపోయింది.

రెఫరీలు చాలాసార్లు పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలే ఉంటారు. వాళ్ళూ ఎవరి బిడ్డలో కదా, వాళ్ళ మీద మీరు గానీ మీ సైడ్‌లైన్ గానీ గొంతెత్తకూడదు.

10. ఇంటికెళ్ళే కారు

సీజన్ అంతటిలో మీ పిల్లకి ఎక్కువ గుర్తుండేది ఈ ఇరవై నిమిషాలే. మిగతా పిల్లలందరూ కోచ్‌కి బై చెప్పి అమ్మానాన్నల కారెక్కుతారు, మీ పిల్ల మాత్రం కోచ్ కారే ఎక్కుతుంది. కాబట్టి కారు డోర్ వేశాక మీరు కోచ్ కాదు. విజిల్, టోపీ, క్లిప్‌బోర్డ్ డిక్కీలో పడేయండి, అది పిల్లకి కూడా గుర్తు. వీలైతే గేమ్ రోజు అమ్మ కార్లో వెళ్ళనివ్వండి.

ఆట గురించి మీరు ఎత్తొద్దు. స్నానం, అన్నం అయ్యేదాకా ఆ ఊసే వద్దు. తనే ఎత్తితే మాట్లాడండి, కానీ తను అడిగినంతే, "నేను బాగా ఆడానా" అంటే "నీకెలా అనిపించింది" అని వినండి. మిగతా పిల్లల గురించి అస్సలు మాట్లాడకండి, ఫలానా పాప సరిగా ఆడలేదు అని మీరు అన్నమాట సోమవారం స్కూల్ బస్సులో తేలుతుంది.

ఇంట్లో అక్కో తమ్ముడో ఉంటే వాళ్ళనీ చూసుకోండి, సీజన్ అంతా డైనింగ్ టేబుల్ మీద ఒకే పిల్ల సాకర్ నడిస్తే రెండో పిల్ల మౌనంగా దూరమవుతుంది.

11. దెబ్బలు, ఎండ, పిడుగులు

తలకి దెబ్బ తగిలి అనుమానం వస్తే ఆ రోజు మళ్ళీ గ్రౌండ్‌లోకి దింపొద్దు, డాక్టర్ సరేననే దాకా ప్రాక్టీస్ కూడా వద్దు. మీ పిల్లకి తగిలితే నిర్ణయం మీది కాదు, అసిస్టెంట్‌ది, ఎందుకంటే కంగారులోనో, గేమ్ మధ్యలో ఉన్న ఊపులోనో మన చూపు సరిగా ఉండదు.

ఉరుము వినిపిస్తే అందరూ కార్లలోకి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి, మధ్యలో మళ్ళీ ఉరిమితే లెక్క మళ్ళీ మొదటికి. టెక్సాస్‌లో ఆగస్ట్ ప్రాక్టీసులకి నీళ్ళ బ్రేకులు టైమ్ పెట్టుకుని ఇవ్వండి, దాహం వేసినప్పుడు అడుగుతార్లే అనుకోవద్దు. కదిలించగలిగే గోల్ పోస్టులకి వెనక బరువు సంచులు ఉన్నాయో లేదో ప్రతిసారీ చూడండి, అవి మీద పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు ఈ దేశంలో జరిగాయి. షిన్‌గార్డ్ లేకుండా ఎవరూ దిగకూడదు, మర్చిపోయే పిల్ల ఒకరు ఎప్పుడూ ఉంటారు కాబట్టి మీ సంచిలో అదనంగా ఒక జత ఉంచండి.

పది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య పొడుగయ్యే వయసులో మడమ నొప్పి, మోకాలి చిప్ప కింద నొప్పి అని చెప్తారు. ఎదిగే ఎముకల దగ్గర లాగుడు వల్ల వచ్చేది అది, సాకులనుకోవద్దు. సొంత బిడ్డ చెప్తే "ఏం కాదు ఆడు" అని త్వరగా అనేస్తాం, వేరేవాళ్ళ పిల్ల చెప్తే వెంటనే కూర్చోబెడతాం. ఇద్దరికీ ఒకటే రూల్, కుంటుతుంటే ఆట లేదు, తగ్గకపోతే డాక్టర్.

12. ఎప్పుడు దిగిపోవాలి

సీజన్ మధ్యలో ఒకసారి, చివర ఒకసారి, మొదట్లో రాసుకున్న ఆ కాగితం తీసి మళ్ళీ వాళ్ళమ్మ చేతే అడిగించండి. ప్రాక్టీస్ రోజు కడుపునొప్పి అనడం, మీరు లేని ప్రాక్టీస్‌లో హుషారుగా ఆడటం, గేమ్‌లో ప్రతి టచ్‌కీ మీ వైపు చూడటం, ఇవి కనిపిస్తే పిల్ల నోటితో చెప్పకపోయినా చెప్పినట్టే.

ఇంకో సహజమైన మలుపు యూ-13, 11 వర్సెస్ 11 మొదలయ్యే చోటు. అక్కడ నేర్పాల్సింది చాలా పెరుగుతుంది, చాలా క్లబ్బుల్లో ఆ వయసుకి లైసెన్సున్న జీతం కోచ్‌లు ఉంటారు, పిల్లలకి కూడా వేరే గొంతు వినాలని ఉంటుంది. మీకు కోచింగ్ మీద ఇష్టం పెరిగిందంటే డి లైసెన్సు చేసి క్లబ్‌లో చిన్నవాళ్ళ టీమ్ తీసుకోండి, కోచ్‌లు ఎప్పుడూ తక్కువే.

దిగేటప్పుడు కొత్త కోచ్‌తో ఒక గంట కూర్చోండి. నిమిషాల షీట్లు, ఎవరు ఏ పొజిషన్లు ఆడారు, ఎవరికి ఆస్తమా ఇన్‌హేలర్ ఉంది, ఎవరిని అందరి ముందు సరిదిద్దితే ముడుచుకుపోతారు, ఇవన్నీ ఇవ్వండి. మీ పిల్ల గురించి మాత్రం మీరేమీ చెప్పొద్దు, ఆయన్ని కొత్తగా చూడనివ్వండి. తర్వాతి సీజన్ మొదటి కొన్ని గేములు బెంచీలకి దూరంగా, అవతలి సైడ్‌లైన్ చివర కుర్చీ వేసుకోండి, పాత అలవాటులో పిల్లలు మీ వైపు చూసినా చప్పట్లు కొట్టండి, ఏం చేయాలో వాళ్ళ కొత్త కోచ్ చెప్తారు.